లారీల దారిలో పెళ్ళిగుర్రం

సత్తెనపల్లి నుంచి చీమకుర్తికి బస్సులో వెళ్ళినవాళ్ళుంటారు, లారీలో వెళ్ళినవాళ్ళుంటారు. గుర్రం మీద వెళ్ళినవాళ్ళు మాత్రం ఈ మధ్యకాలంలో ఎవరూ ఉండరని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను. మిమ్మల్ని వెళ్ళమని చెప్పడానికి కాదు, వెళ్ళొద్దనే చెబుతాను. కానీ మీరు ఎప్పుడైనా ఆ దారిలో బండి తోలుకుంటూ పోతుంటే ముందు ఒక గుర్రం కనిపించవచ్చు. అప్పుడు ఏం చెయ్యాలో మీకెవరూ చెప్పి ఉండరు. నేను గుర్రాల ఇంట్లో పుట్టి లారీ డ్రైవర్ని చేసుకున్నదాన్ని కాబట్టి రెండు వైపుల తిట్లూ తిన్నాను.

మా పుట్టింటివాళ్ళు సత్తెనపల్లిలో పెళ్ళిళ్ళకు గుర్రాలు పంపేవాళ్ళు. నాన్న పోయాక మా తమ్ముడు శీను నడిపాడు. ఈ ఏడు వాడు కూడా ఎత్తేశాడు. ఇప్పటి పెళ్ళికొడుకులు పైకప్పు తెరుచుకునే కార్లలో నిలబడి చేతులూపుతూ వస్తున్నారు, గుర్రం ఎవరికి కావాలి? మిగతావన్నీ అమ్ముడుపోయాయి. మల్లి మాత్రం మిగిలింది. తెల్లటి ఆడగుర్రం. అది పుట్టినరోజు నేను అక్కడే ఉన్నాను, పేరు పెట్టింది నేనే.

మల్లిని ఎవరూ కొనకపోవడానికి కారణం ఉంది. కిందటేడు ఒక పెళ్ళి నుంచి తిరిగొస్తుంటే, పత్తి బోరాలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు వెనకనించి వచ్చి దాని తొడను రాసుకుంటూ పోయింది. దెబ్బ మానింది గాని బెదురు పోలేదు. వెనక చప్పుడైతే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోయి పక్కకు దూకేస్తుంది. "ఎవడో బేరగాడు వస్తానన్నాడక్కా. ఎక్కడికి తోలుకెళ్తాడో నేను అడగలా, అడిగితే అమ్మలేను" అన్నాడు శీను ఫోన్లో. నేను ఆ పూట ఇడ్లీ పిండి పొంగి పొర్లుతున్నా పట్టించుకోకుండా కూర్చున్నాను.

మా ఆయన కోటేశ్వరరావు చీమకుర్తిలో గ్రానైట్ రాళ్ళ లారీ తోలి తోలి, నడుం పాడై మానేశాడు. మాకు లారీల స్టాండు పక్కనే ఇల్లు, ఇంటిముందే నా టిఫిన్ బండి. గుర్రాన్ని తెచ్చుకుందామంటే ఆయన ఎగిరిపడ్డాడు.

"మనం ఉండేది లారీల మధ్య. అది బెదిరి ఎవడి మీదన్నా పడితే ఎవరు సమాధానం చెప్తారే? సరే, ఒక్కమాట. ఆ రోడ్డు మీద అది నిలబడగలిగితే మనింట్లో ఉంటది. నిలబడలేకపోతే పంపించెయ్యాల్సిందే. ఆ తరవాత ఏడవకూడదు. ఒట్టెయ్యి."

వేశాను. నాకు ముక్కు మీద కోపం గాని, మాట తప్పే అలవాటు లేదు.

సత్తెనపల్లి

చిన్న లారీ మాట్లాడి ఎక్కించబోతే మల్లి పలక మీద కాలు పెట్టకుండానే చతికిలబడింది. ఎంత లాగినా లేవలేదు. చివరికి నడిపించుకునే తీసుకుపోదామని తీర్మానించాం. నేను గుర్రం మీద, ఆయన మోపెడ్ మీద. పెద్ద రోడ్లు వదిలేసి ఊళ్ళ మీదుగా, రోజుకు గుర్రం ఎంత నడిస్తే అంత.

"వెనక నేనుంటా. ఏ బండి వచ్చినా ముందు నన్ను దాటాలి గదా" అన్నాడాయన. మోపెడ్ వెనక కర్ర కట్టి, ఇనప చువ్వల లోడుకు కట్టినట్టు దానికి ఎర్రగుడ్డ కట్టుకున్నాడు. ప్రమాదం వెనకనించే వస్తుంది కాబట్టి కాపలా వెనకే ఉండాలి. నాకూ సబబుగానే తోచింది. శీను ఉలవల మూట మోపెడ్‌కు కట్టి, మల్లి మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. "బావా, జాగర్త" అని ఆయనతో అన్నాడు గాని నా మొహం చూడలేదు. చూస్తే ఏడుస్తాడని నాకు తెలుసు.

ఫిబ్రవరి ఎండ ఇంకా ముదరలేదు. దారికి రెండు పక్కలా ఆఖరి తీతకు మిగిలిన పత్తి చేలు, వాటి మధ్య మిరప తోటలు. మిరపకాయల వాసన ఊరు దాటకముందే మొదలైంది. అది మాకు మామూలే గాని, బయటివాళ్ళకు మాత్రం ముక్కులో పొడి పోసినట్టుంటుంది.

నరసరావుపేట దారి

మొదటి రోజంతా హారన్లతోనే సరిపోయింది. గుర్రాన్ని చూసినవాడల్లా హారన్ కొట్టాడు. కోపంతో కాదండీ, ప్రేమతో! స్కూలు బస్సులో పిల్లలు కేకలు పెట్టారని డ్రైవరు పాటలాగా కొట్టాడు. ఒక కారులో ఆవిడ ఫోటో తీసుకోవడానికి అద్దం దించి మరీ కొట్టించింది. ప్రతిసారీ మల్లి చెవులు వెనక్కి వాల్చి, అడ్డంగా గెంతి, రోడ్డు పక్కన కంపలో దూరింది. నా చీర కుచ్చెళ్ళు ఆ కంపకే వదిలేశాను. పంజాబీ డ్రస్సు వేసుకోమని శీను భార్య చెప్తే వినకపోతినే అని తిట్టుకున్నాను.

మధ్యాహ్నం ఒక మినీ లారీ వాడు సరిగ్గా దాని తోక దగ్గరకొచ్చి మోగించాడు. నేను కళ్ళెం వదిలేసినంత పనైంది. కొంచెం ముందు బడ్డీకొట్టు దగ్గర దొరికాడు.

"ఏవయ్యా, గుర్రం కనపళ్ళా నీకు?" అన్నాను దిగకుండానే.

పాతికేళ్ళ కుర్రాడు, బిత్తరపోయాడు. "కనపడబట్టే కొట్టానండీ. చెప్పకుండా పక్కనించి దూసుకుపోతే బెదురుద్దని…"

మా ఆయన మోపెడ్ స్టాండు వేసి వచ్చి వాడి పక్షాన చేరాడు. "కుర్రాడు పద్ధతిగానే తోలాడే. మా లెక్కలో హారన్ కొట్టకుండా దాటేవాడే దుర్మార్గుడు."

"మీ లెక్క మనుషులకయ్యా. దీనికి రెండు పక్కలా కనపడుద్ది గాని సరిగ్గా తోకెనక ఏముందో కనపడదు. కనపడని చోట పెద్ద అరుపు వినపడితే నువ్వు ఊరుకుంటావా?"

"మరేం చెయ్యాలి?"

"దూరంలోనే వేగం తగ్గించాలి. ఒక బండి పట్టేంత ఎడం వదిలి నిమ్మళంగా దాటాలి. దాటంగానే ఇంజను రెచ్చగొట్టకూడదు. అంతే!"

"అంత ఎడం ఈ రోడ్డుకి ఏడిసిందా?" అన్నాడాయన. అదీ నిజమే. తారు పోసింది ఒక బండికి సరిపడా. దాని అంచున గజం లోతు పల్లం. ఇద్దరం అరుచుకుంటుంటే ఆ కుర్రాడు మధ్యలోంచి జారుకున్నాడు. పోతూ పోతూ అలవాటు చొప్పున హారన్ మీద చెయ్యేసి, గుర్తొచ్చి తీసేశాడు. అది చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది.

నరసరావుపేట బయట ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్ఫై రూపాయలు. అల్లప్పచ్చడిలో బెల్లం ఎక్కువ. మా చీమకుర్తిలో నేను పాతిక్కి ఇస్తాను, పైన కారప్పొడీ నెయ్యీ వేసి. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. కానీ ఆ హోటలామె మల్లికి బకెట్టు నీళ్ళు పెట్టి, "పెళ్ళెవరిదమ్మా?" అని అడిగింది. పెళ్ళి లేదంటే నమ్మలేదు. ఆ దారి పొడుగునా అందరూ అదే ప్రశ్న. తెల్లగుర్రం వస్తోందంటే వెనక పెళ్ళికొడుకు ఉండాలి, మా వెనక చూస్తే ఎర్రగుడ్డ కట్టుకున్న మా ఆయన.

చిలకలూరిపేట ఇవతల

రెండోరోజు మిరప కళ్ళాల మధ్యనించి నడిచాం. చేలో చోటు చాలక కొందరు కాయలు రోడ్డు మీదికే జరిపి ఆరబోశారు. సగం రోడ్డు ఎరుపు, సగం రోడ్డు మాకూ బస్సులకూ. మల్లి వరసగా తుమ్మడం మొదలుపెట్టింది. గుర్రం తుమ్మితే మీద కూర్చున్నవాళ్ళ పళ్ళు కదులుతాయని అప్పుడే తెలిసింది.

తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు. వాళ్ళలో అంజమ్మ అనే ఆమె నన్ను పక్కకు పిలిచింది. మొహానికి కట్టుకున్న తువ్వాలు విప్పి, గొంతు తగ్గించి, "అమ్మా, ఏమనుకోమాకు. మా పెద్దోడికి ముప్పై నాలుగు దాటినయ్యి. నాలుగెకరాలుంది, ఏ చెడలవాటూ లేదు, వ్యవసాయమని ఎవరూ పిల్లనియ్యట్లా. ఒక్కసారి వాణ్ణి గుర్రమెక్కించవా? మంచి శకునమని" అంది.

నేను నవ్వబోయి ఆగాను. ఆమె కళ్ళు నవ్వేలా లేవు. ఆ అబ్బాయి పురుగుమందు డబ్బా దించి, చేతులు కడుక్కుని, సిగ్గుతో చెవులు ఎర్రబడి వచ్చాడు. "అమ్మా, ఊరంతా చూస్తన్నారు" అంటూనే ఎక్కాడు. కళ్ళం చుట్టూ ఒక చుట్టు తిప్పాను. ఆడవాళ్ళంతా పాట అందుకున్నారు, ఒకామె రేకు పళ్ళెం వాయించింది. ఆశ్చర్యం, మల్లి తలెత్తి గజ్జెల గుర్రంలా అడుగులేసింది! రెండు రోజుల్లో అది భయం లేకుండా నడవడం అదే మొదలు. ఆ పాటా వాయింపూ అంతా దాని ముందే జరుగుతోందని నాకప్పుడు తట్టలేదు. గుర్రాల ఇంట్లో పుట్టి ఏం లాభం?

ఆ పూట అంజమ్మ ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి, వేడన్నం, వెన్న. మా వైపు చింతపండు ఎక్కువేస్తాం, వీళ్ళది ఉత్త మంట. మా ఆయన కళ్ళనీళ్ళు కారుస్తూనే మూడోసారి కలుపుకున్నాడు. ఆ అబ్బాయికి ఈ ఏడన్నా పెళ్ళి కుదరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పర్చూరు

పర్చూరు దగ్గరకొచ్చేసరికి నా తొడలు ఒరుసుకుపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాను. "నువ్వెక్కయ్యా కాసేపు, నీ లారీ సీటు కంటే మెత్తగానే ఉంటది" అన్నాను. జన్మలో గుర్రమెక్కనివాడు. ఎక్కడానికి కల్వర్టు గోడ ఆసరా కావాల్సి వచ్చింది. ఎక్కాక మాత్రం మీసం దువ్వుకున్నాడు. నేను మోపెడ్ మీద వెనకాల.

పొగాకు వేడికి ఆరబెట్టే బ్యారన్లు దాటాం. ఆకు కాలుతున్న తియ్యటి వాసన. అంతలో జొన్నచొప్ప ట్రాక్టరొకటి వచ్చింది. చొప్ప రెండు పక్కలా రోడ్డంతా పరుచుకుని ఉంది, తోలేవాడికి వెనకేం జరిగేదీ తెలియదు. నన్ను దాటింది, మల్లిని కూడా దాటబోయింది. చొప్ప కొసలు మా ఆయన వీపును గీరాయి. మల్లి గాల్లోకి లేచింది. మా ఆయన దాని మెడ కౌగిలించుకుని అరిచిన అరుపు పర్చూరు సెంటరు దాకా వినపడి ఉంటుంది.

"ఒరేయ్! రోడ్డు మీ బాబుదంట్రా? వెనకనించి మీదికెక్కించేస్తావా? కళ్ళు నెత్తికెక్కినయ్యా!"

ఈ మాటలన్నీ ఆయన ఇన్నేళ్ళూ సైకిళ్ళవాళ్ళ దగ్గరా గొర్రెలవాళ్ళ దగ్గరా తిన్నవే. ఇప్పుడు తిరిగి ఇస్తున్నాడు. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "వెనకనించి వస్తంటే ఇట్టా ఉంటదా మణీ?" అన్నాడు మెల్లిగా. "గాలి ఒకటి తగుల్తది ముందు. తరవాత నేల అదురుద్ది. మనం ఏమీ చెయ్యలేం." నాకు జాలేసింది. దాంతోపాటే ఒళ్ళు మండిపోయింది. ఆ ట్రాక్టరువాణ్ణి వదిలేదిలేదని మోపెడ్ ఎత్తుకుని మల్లిని దాటి ముందుకు ఉరికాను.

ఇంకొల్లు రోడ్డు ఎక్కేదాకా తరిమాను. వాడు దొరకలేదు గాని, వెనక టకటకమని చప్పుడు వినిపించి తిరిగి చూస్తే మల్లి! చెవులు ముందుకు నిక్కించి, నా మోపెడ్ వెనకాలే, పద్ధతిగా, బారుగా వస్తోంది. మా ఆయన పైన బొమ్మలా కూర్చుని ఉన్నాడు. "నేనేం చెయ్యలేదే, అదే వస్తంది!" అని అరిచాడు. ఆ వెనకే ఒక ఆర్టీసీ బస్సు వస్తోంది. మల్లి ఒకసారి చెవి వెనక్కి తిప్పి, మళ్ళీ నా బండి వైపు తిప్పేసుకుంది.

నేను బండి ఆపి రోడ్డు పక్కన కూలబడి నెత్తి కొట్టుకున్నాను. పెళ్ళిగుర్రం గదా అది! చిన్నప్పటినించీ దానికి నేర్పింది ఒక్కటే. ముందు మేళం బండి, జనరేటరు, లైట్లు, టపాకాయలు. ఆ బండి కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. ముందు ఎంత రభస జరిగినా దానికి భయం లేదు. వెనక మాత్రం ఎప్పుడూ ఏమీ ఉండకూడదు. ఇన్నాళ్ళూ మేము కాపలా అనుకుని దాని వెనక ఒక బండిని కట్టి తోలుకొచ్చాం. ఎర్రగుడ్డతో సహా.

ఆ తర్వాత ఆయన మోపెడ్ ముందు పోవడం, మేము వెనక నడవడం. ఆయన ఫోన్లో పాటలు కూడా పెట్టాడు. వెనక బండ్లకు బెదరడం పూర్తిగా మానలేదు గాని, కంపల్లో దూరడం మానింది. ఇంకొల్లు దాటి, జాతీయ రహదారి కింద సొరంగంలాంటి దారిలోంచి కూడా వచ్చేసింది. పైన లారీలు ఉరుముతుంటే మా ఆయన పాట సౌండు పెంచి, "రావే తల్లీ, రా" అంటూ తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం చెరువులో ఆయనే దానికి స్నానం చేయించాడు. నన్ను దగ్గరికి రానియ్యలేదు.

సంతనూతలపాడు దగ్గర

చీమకుర్తికి ఒక్క పూట దూరంలో, రోడ్డుకు లోపలగా ఒక పల్లెలో ఆగాం. మేత ఎక్కడ దొరుకుతుందని అడిగితే అందరూ సుబ్బాయమ్మగారింటికి వెళ్ళమన్నారు. మిరప, పొగాకు వేసే రైతు ఆవిడ, డెబ్భైకి దగ్గర ఉంటాయి, గొంతు మాత్రం మైకులా ఉంది. ఆవిడ పశువుల కొట్టం చూస్తే నాకు కళ్ళు చెదిరాయి. రాతి స్తంభాలు, తాటాకు కప్పు, చల్లగా ఇల్లులా ఉంది. అందులో పశువే లేదు.

"ఎడ్లుండేయమ్మా. ట్రాక్టరొచ్చినాక వాటికి పనిలేదని అమ్మేసినా. పని లేకపోతే మాత్రం ఉంచుకోకూడదా అని ఇప్పుడనిపిస్తంది" అంది. మల్లి గంగడోలు తడుముదామని మెడకింద చెయ్యి పెట్టి, గుర్రానికి అది ఉండదని గుర్తొచ్చి నవ్వింది. "దీన్ని ఈడ వదిలేసిపో. ఈ డొంక దారిలో పొద్దుగాల ఒక పాలబండి, మాపుకొక ఆటో. అంతకంటే ఏం రావు."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు. "అట్టా కుదరదండీ. మా గుర్రం మా ఇంటికే వస్తది."

మా గుర్రం! ఒట్టు వేయించుకున్న మనిషేనా ఈయన అని చూశాను. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సుబ్బాయమ్మగారు వాదించలేదు. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు పెట్టి, "సరే, మీ ఇష్టం. కొట్టం యాడికీ పోదు" అంది.

చీమకుర్తి రోడ్డు

ఈ రోడ్డు చూడనివాళ్ళకు చెప్పాలి. ఇల్లంత రాయి ఒక్కటి లారీ మీద గొలుసులతో కట్టి ఉంటుంది. అలాంటి లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. రోడ్డు మీద తెల్లటి రాతిపిండి. లారీ ఆగితే బ్రేకుల్లోంచి గాలి బుస్సుమంటుంది. అన్నం పెట్టే రోడ్డు మాకు, దాన్ని తిట్టను.

మా ఆయన ముందురోజే స్టాండుకు ఫోన్ చేసి పెట్టాడు. ప్రసాదు అని, ఆయన దగ్గర క్లీనరుగా చేరి డ్రైవరైనవాడు, ఖాళీ లారీ తెచ్చాడు. "అన్నా, నువ్వు తోలు. గుర్రం నీ బండినే నమ్ముద్ది" అని తాళాలిచ్చేసి, తను ఇంకో లారీలో చాలా వెనకగా, రోడ్డు మధ్యగా, ఎవరూ దాటకుండా తోలుకుంటూ వచ్చాడు. నడుం నొప్పి మనిషి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. మనిషి నడకంత వేగంలో ఒక గ్రానైటు లారీ, దాని వెనక తెల్లగుర్రం మీద నేను.

డ్రైవర్లు ఎంత మంచివాళ్ళో ఆ రోజు చూశాను. ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తీసి ఇంజను ఆపేశారు. హారన్ కొట్టొద్దని ఒకరికొకరు చేతులతో సైగ చేసుకున్నారు. వెనక ఆగిపోయిన వరసలో ఒక్కడంటే ఒక్కడు అరవలేదట, ప్రసాదు తర్వాత చెప్పాడు. మల్లి ఆ లారీ వెనక పలక మీదే చూపు పెట్టి నడిచింది. ఒక్క అడుగు పక్కకు వెయ్యలేదు.

కానీ నేను దాని వీపు మీద ఉన్నాను. అది లోపలినించి వణుకుతోంది. దాని చెమటకు నా చీర తడిసి కాళ్ళకు అంటుకుంది. మెడ మీద చెయ్యేస్తే గుండె కొట్టుకోవడం చేతికి తెలిసింది. నోట్లోంచి నురగ వస్తోంది. నడుస్తోంది, ఎందుకంటే ముందు బండి నడుస్తోంది. ఆపుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆపితే ఓడిపోతానని ఆపలేదు.

ఇంటిముందు ఆగేసరికి స్టాండంతా ఈలలు వేసింది. మా ఆయన లారీ దిగి, పరిగెత్తుకొచ్చి, మల్లి మొహాన్ని రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. "నిలబడిందే! నిలబడింది! ఇంక మనింట్లోనే!" అని ఎగిరాడు. అందరికీ టీలు చెప్పాడు. నేనూ నవ్వాను. ఉలవల గుగ్గిళ్ళు పెడితే మల్లి మూతి కూడా పెట్టలేదు.

తెల్లవారి పెరట్లోకి వెళ్ళి చూశాను. మల్లి గోడకు వెనకభాగం ఆనించి నిలబడి ఉంది. వెనక ఇక ఏమీ రాకూడదని. గోడ అవతలే రోడ్డు. లారీ పోయినప్పుడల్లా గోడ అదురుతుంది, అదిరినప్పుడల్లా అది ఇంకా గట్టిగా వెనక్కి నొక్కుకున్నట్టుంది. రాతి గోడకు ఒరుసుకుని రెండు వైపులా వెంట్రుకలు ఊడి, చర్మం లేచి, నెత్తురు గడ్డకట్టింది. గడ్డి పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"నిలబడగలిగింది గదే" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"నిలబడగలిగింది. ఉండలేదు" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అనాల్సి వస్తుందని అనుకోలేదు.

మళ్ళీ సంతనూతలపాడు వైపు

గాయాలకు పసుపూ నూనే రాసి, లారీలు తక్కువుండే ఆదివారం తెల్లవారుఝామున బయల్దేరాం. ఆయన మోపెడ్ మీద ముందు, నేను మల్లి పక్కన నడుస్తూ. ఎక్కడానికి నాకు మనసొప్పలేదు. డొంకలోకి తిరగగానే అది తల దించి గడ్డి అందుకుంది. సుబ్బాయమ్మగారు ఎదురొచ్చింది. గాయాలు చూసి, "అయ్యో నా తల్లి" అని మాత్రం అంది. కొట్టంలో మల్లి నాలుగు కాళ్ళూ వదులు చేసుకుని నిలబడి, తొట్టిలో తౌడు నీళ్ళు గటగటా తాగింది. అప్పుడు నా గుండె కుదుటపడింది.

మోపెడ్‌ను అక్కడే వదిలేశాం. ఎప్పుడైనా మల్లిని డొంకలో తిప్పాలంటే దానిముందు నడపడానికి సుబ్బాయమ్మగారి పాలేరుకు బండి కావాలి గదా. ఒక ఆటో పిలిపించుకుని ఎక్కాం. వెనక్కి చూడొద్దని ముందే అనుకున్నాం. ఆటో అబ్బాయి పాటలు పెట్టాడు. నేను ఏడుస్తున్నాను, ఆయన నా చెయ్యి పట్టుకుని అద్దంలోకి చూస్తున్నాడు. డ్రైవరుకు అద్దం చూసే అలవాటు పోదు.

"ఆపు" అన్నాడు ఉన్నట్టుండి. "ఆటో ఆపవయ్యా!"

తిరిగి చూశాను. మల్లి. పలుపు తెంపుకుని, చెవులు ముందుకు నిక్కించి, మెడ ఎత్తి, పద్ధతిగా మా ఆటో వెనకాలే వస్తోంది. ఆటో ఆగింది, అదీ ఆగింది. మా వైపు రాలేదు, మూతి చాచలేదు. బండికి వెనకాల ఎంత ఎడంలో నిలబడాలో అంత ఎడంలో నిలబడి, బండి కదలడం కోసం ఎదురుచూసింది.

ఆటో అబ్బాయికి అంతా చెప్పాం. వాడు ఆటో తిప్పి, మెల్లిగా మళ్ళీ కొట్టం దాకా తీసుకొచ్చాడు. మల్లి వెనకాలే వచ్చింది. ఆటో మళ్ళీ కదిలితే అదీ కదులుతుంది. ఇంక దారేముంది? వాడే పాట ఆపేసి అన్నాడు, "బండి ఈడే ఉంచుతాలేండి. మీరు చేలకడ్డంబడి నడిచిపోండి. అది పడుకున్నాక నేను పోతా."

మిరప చేల మధ్య గట్టు మీద నడిచాం, ఆయన ముందు, నేను వెనక. సగం దూరం పోయాక ఇద్దరం ఆగి చూశాం. కొట్టం ముందు ఆటో ఉంది. దాని వెనక, మాకు పక్కగా తిరిగి, తల ఎత్తి మల్లి నిలబడి ఉంది. మా వైపు చూడటంలేదు. ఆటోనే చూస్తోంది.

"ఆ బండి కదలదని దానికి ఎప్పుడు తెలుస్తదే?" అన్నాడాయన.

ఆయన గట్టు మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాడు.